హాలో వచ్చాక రేసు చప్పబడిందా?

తిరుపతిలో క్రికెట్ చూసేవాళ్లతో పోలిస్తే ఫార్ములా వన్ చూసేవాళ్లు గుప్పెడు మందే. ఎం.ఆర్. పల్లి టీ కొట్టు దగ్గరైనా, ఎస్వీ యూనివర్సిటీ గేటు ముందైనా, ఆ గుప్పెడు మంది కలిశారంటే ఒక వాదన ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. "పైకప్పు లేని కారులో తల గాలికి వదిలేసి నడపడమే ఫార్ములా రేసింగ్. డ్రైవర్ తల చుట్టూ హాలో అనే చట్రం బిగించాక ఇంకేం మజా?" అని ఒకరంటారు. "మన మజా కోసం ఇంకొకరి తల పగలాలా?" అని ఇంకొకరు అందుకుంటారు.

నేను రెండో మాట వైపు ఉంటాను. అలాగని మొదటి మాటని కొట్టిపారేయలేను. ఆ మాట అనేవాళ్లేమీ రక్తం చూడాలని కోరుకునే మనుషులు కాదు. రేసులో ఏదో తగ్గిందని వాళ్లకి నిజంగానే అనిపిస్తోంది. ఆ తగ్గినదేమిటో, ఎక్కడ తగ్గిందో సరిగ్గా చూస్తే తప్పు హాలోది కాదని తేలుతుంది. ఈ వాదనలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. తప్పు చేసిన డ్రైవర్ రేసు పోగొట్టుకోవడం ఒకటి. తప్పు చేసిన డ్రైవర్, ఒక్కోసారి ఏ తప్పూ చేయని డ్రైవర్, ప్రాణం పోగొట్టుకోవడం ఇంకొకటి. మొదటిది లేకపోతే అసలు రేసే లేదు. రెండోది లేకపోతే రేసుకి వచ్చే నష్టం ఏమీ లేదు. ఈ రెండింటినీ విడివిడిగా పెట్టుకుని చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

తల ఒక్కటే మిగిలింది

ఫార్ములా కారులో డ్రైవర్ దాదాపు పడుకున్నట్టు కూర్చుంటాడు. కాళ్లు ముందుకి చాచి ఉంటాయి, వీపు నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. బయటికి కనిపించేది హెల్మెట్ ఒక్కటే. భద్రత విషయంలో ఈ ఆట సాధించినదంతా దశాబ్దాల తరబడి మెడ కిందే ఆగిపోయింది. 1972లో సీటు బెల్టులు తప్పనిసరి అయ్యాయి. 1981లో మెక్‌లారెన్ జట్టు కార్బన్ ఫైబర్‌తో డ్రైవర్ కూర్చునే గూడు తయారు చేసింది. ఆ ఏడాదే ఇటలీలోని మోంజాలో ఆ జట్టు డ్రైవర్ జాన్ వాట్సన్ కారు గోడకి కొట్టుకుని రెండు ముక్కలైతే, ఆయన నడుచుకుంటూ బయటికి వచ్చారు. అంతవరకు కార్బన్ ఫైబర్ పొడిపొడిగా పగిలిపోతుందని అనుమానపడినవాళ్ల నోళ్లు ఆ దెబ్బతో మూతపడ్డాయి.

1994లో ఇటలీలోని ఇమోలా రేసు వారాంతం అభిమానులందరికీ తెలిసిందే. ఏప్రిల్ 30న రోలాండ్ రాట్జెన్‌బెర్గర్, మే 1న అయర్టన్ సెన్నా అనే డ్రైవర్లు చనిపోయారు. సెన్నా శరీరం ఆ ప్రమాదాన్ని తట్టుకుంది. విరిగిన సస్పెన్షన్ ముక్క హెల్మెట్‌లోకి దూసుకుపోవడమే ఆయన ప్రాణం తీసింది. ఆ తరవాత కాక్‌పిట్ పక్క గోడలు ఎత్తు పెంచారు, తల చుట్టూ మెత్తలు పెట్టారు. 2003లో హెల్మెట్‌ని భుజాలకి కట్టి మెడ విరగకుండా కాపాడే హాన్స్ పరికరం తప్పనిసరి చేశారు. అయినా ముందు నుంచి, పైనుంచి వచ్చే దెబ్బకి అడ్డు లేదు.

ఆ లోటు ఎంత పెద్దదో 2009 జులైలో ఒక్క వారంలో తేలిపోయింది. 19వ తేదీన ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హాచ్ ట్రాక్ మీద, ఫార్ములా వన్‌కి కింది మెట్టు అయిన ఫార్ములా టూ రేసు జరుగుతోంది. వేరే కారు నుంచి ఊడిన చక్రం ఎగిరి వచ్చి హెన్రీ సర్టీస్ తలకి తగిలింది. అతనికి 18 ఏళ్లు. తండ్రి జాన్ సర్టీస్ 1964లో ఫార్ములా వన్ ఛాంపియన్. ఆరు రోజుల తరవాత హంగరీలో, ముందు వెళ్తున్న కారు నుంచి రాలిన స్ప్రింగ్ ఫార్ములా వన్ డ్రైవర్ ఫెలిపె మాసా హెల్మెట్‌కి ఎడమ కంటి పైన తగిలింది. బరువు కిలోకి అటూ ఇటూ. ఆయన బతికారు. ఇద్దరిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. 2015 ఆగస్టులో అమెరికాలోని పోకోనో ట్రాక్ మీద, ముందు ప్రమాదానికి గురైన కారు ముక్క డ్రైవర్ జస్టిన్ విల్సన్ తలకి తగిలింది. మర్నాడు ఆయన చనిపోయారు. ఆయనా అంతే, ఏ తప్పూ చేయలేదు.

"రిస్క్ తెలిసే కదా దిగుతారు" అనేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. ఎగిరొచ్చే చక్రాన్ని తప్పించుకోవడానికి నైపుణ్యం పనికిరాదు, ధైర్యమూ పనికిరాదు. అక్కడ పోటీ అనేదే లేదు. చూసేవాడికి కూడా అందులో దొరికే ఉత్కంఠ ఏమీ ఉండదు, ఎందుకంటే అది జరిగేదాకా ఎవరికీ తెలియదు.

ఏడు కిలోల టైటానియం

హాలో అంటే డ్రైవర్ తల చుట్టూ తిరిగి, ముందు ఒక సన్నటి స్తంభం మీద నిలబడే టైటానియం చట్రం. బరువు సుమారు 7 కిలోలు. మూడు చోట్ల కారు గూటికి బిగిస్తారు. పైనుంచి దాదాపు 12 టన్నుల బరువు పడినా తట్టుకోవాలన్నది పరీక్ష. 20 కిలోల చక్రాన్ని గంటకి 225 కిలోమీటర్ల వేగంతో దాని మీదకి విసిరి చూశారు.

దీనికి పోటీగా వేరే ఆలోచనలు కూడా వచ్చాయి. ముందు పారదర్శకమైన తెర పెడదామన్నారు. 2017లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో డ్రైవర్ సెబాస్టియన్ వెట్టెల్ ఒక తెరతో ఒక్క ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక్క చుట్టు, నడిపి చూసి, తల తిరుగుతోందన్నారు. వంపు తిరిగిన తెర గుండా చూస్తే దారి వంకర్లు పోతుంది. దాంతో హాలోనే మిగిలింది. జట్లలో చాలామందికి ఇష్టం లేకపోయినా, ఈ ఆటని నడిపే ఎఫ్ఐఏ తన అధికారం వాడి 2018 నుంచి తప్పనిసరి చేసింది.

వ్యతిరేకించినవాళ్లు సామాన్యులు కాదు. 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద మంటల్లో సగం కాలిపోయి, ఆరు వారాలకే మళ్లీ కారెక్కిన డ్రైవర్ నికీ లౌడా దీన్ని వద్దన్నారు. మెర్సిడెస్ జట్టు అధిపతి టోటో వోల్ఫ్ రంపం ఇస్తే కోసి పారేస్తానన్నారు. డ్రైవర్లలో రొమాన్ గ్రోజాన్ గట్టిగా ఎదురు మాట్లాడారు. చూడ్డానికి బాగోదన్నది ఒక అభ్యంతరం. ముందున్న స్తంభం చూపుకి అడ్డమన్నది ఇంకొకటి.

చూపు సంగతి మాత్రం ఇప్పుడే మీరే తేల్చుకోవచ్చు. చూపుడు వేలు ముఖానికి జానెడు దూరంలో నిలువుగా పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గోడని చూడండి. వేలు నీడలా మసకబారుతుంది, గోడ మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్లకి పైగా దూరం ఉంటుంది. అంతకంటే సన్నటి వస్తువు ఏదైనా ఒక కంటికి కప్పిన చోటు రెండో కంటికి కనపడుతుంది. హాలో స్తంభం వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లే. వంద మీటర్ల అవతలి మలుపు చూస్తున్న డ్రైవర్‌కి అది ఉన్నట్టే తెలియదు.

అందం గురించిన వాదన దానంతట అదే సద్దుమణిగింది. 2018 ఆగస్టులో బెల్జియం రేసు మొదటి మలుపులో అలోన్సో కారు గాల్లోకి లేచి చార్లెస్ లెక్లెర్క్ తల మీదుగా వెళ్లింది. హాలో మీద టైరు గీతలు పడ్డాయి. లెక్లెర్క్ దిగి నడుచుకుంటూ వెళ్లారు. 2021లో మోంజాలో వెర్‌స్టాపెన్ కారు చక్రం హామిల్టన్ నెత్తిన ఎక్కి కూర్చుంది. అక్కడా అంతే.

ఇక 2020 నవంబర్ 29, బహ్రెయిన్. మొదటి ల్యాప్‌లోనే గ్రోజాన్ కారు వేరే కారుని తాకి అదుపు తప్పి, గంటకి 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప రెయిలింగ్‌ని ఢీకొట్టింది. ఆ దెబ్బ 67 జీ, అంటే ఒంటి బరువుకి 67 రెట్ల బలం. కారు రెండు ముక్కలైంది. ముందు భాగం రెయిలింగ్ పట్టీల్ని చీల్చుకుని వాటి మధ్యలోకి దూరిపోయింది, వెంటనే భగ్గుమంది. పట్టీల్ని పక్కకి నెట్టింది హాలో. అది లేకపోతే ఆ పని తల చేయాల్సి వచ్చేది. కార్బన్ గూడు ఆయన కాళ్లని కాపాడింది, హాన్స్ మెడని కాపాడింది, మంటని ఆపే బట్టలు ఒంటిని కాపాడాయి. దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉండి, ఒక బూటు లోపలే వదిలేసి, కాలిన చేతులతో బయటపడ్డారు. మెడికల్ కారులో వెనకే వచ్చిన డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ మంట దగ్గరికి వెళ్లి ఆయన్ని లాగారు. హాలోని వద్దన్న ఆ గ్రోజానే, ఆస్పత్రి మంచం మీద నుంచి, అది లేకపోతే ఇవాళ మీతో మాట్లాడేవాణ్ని కాదని చెప్పారు.

ఇందులో హాలో ఒక్కటే హీరో కాదు. గూడు, బెల్టులు, మెడ పరికరం, బట్టలు, డాక్టరు, ట్రాక్ పక్కన సాయానికి ఉండే మార్షల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి పనిచేశాయి. మధ్యలో ఏ ఒక్కటి లేకపోయినా కథ వేరేగా ఉండేది.

హాలో కాపాడలేనివీ ఉన్నాయి. 2019 ఆగస్టు 31న బెల్జియంలోని స్పా ట్రాక్ మీద ఫార్ములా టూ డ్రైవర్ ఆంత్వాన్ హ్యూబెర్ చనిపోయినప్పుడు ఆయన కారుకి హాలో ఉంది. అదుపు తప్పి గోడకి తగిలి తిరిగి ట్రాక్ మీదకి వచ్చిన కారుని, వెనక నుంచి పూర్తి వేగంతో వస్తున్న ఇంకో కారు పక్క నుంచి కొట్టింది. ఆ బలం ముందు ఏ చట్రమూ నిలవదు. ఆ ప్రమాదం ట్రాక్ ఆకారం గురించి, రన్-ఆఫ్ (మలుపు బయట కారు ఆగడానికి వదిలిన నేల) గురించి అడగాల్సిన ప్రశ్నల్ని ముందుకి తెచ్చింది.

పూర్తిగా మూసేస్తే?

యుద్ధ విమానంలా పైన గాజు మూత పెట్టేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఎఫ్ఐఏ ఆ ఆలోచనని 2011లోనే పరీక్షించింది. అడ్డంకి బలం దగ్గర కాదు, బయటికి రావడం దగ్గర. డ్రైవర్ ఎవరి సాయం లేకుండా కొన్ని సెకన్లలో దిగిపోగలగాలి. హాలో వచ్చినప్పుడు ఆ గడువుని 5 సెకన్ల నుంచి 7కి పెంచాల్సి వచ్చింది. బోల్తా పడిన కారుకి, పైగా మంటల్లో ఉన్న కారుకి, మూత ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండోది వేడి. మే నెలలో తిరుపతి ఎండలో అద్దాలెక్కించిన కారులో ఏసీ లేకుండా పది నిమిషాలు కూర్చున్నవాళ్లకి దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అమెరికాలోని ఇండీకార్ అనే రేసు సిరీస్ 2020 నుంచి హాలో లాంటి చట్రానికి ముందు పాలీకార్బొనేట్ తెర బిగించిన ఏరోస్క్రీన్ వాడుతోంది. అక్కడి ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకుల మీద చిన్న ముక్కలు విపరీతమైన వేగంతో ఎగురుతాయి, వాటికి తెరే సరైన జవాబు. కానీ గాలి ఆగిపోయి లోపల ఉడుకెక్కుతోందని డ్రైవర్లు మొదటి ఏడాదే మొత్తుకున్నారు. హెల్మెట్‌లోకి గాలి గొట్టాలు పెట్టాల్సి వచ్చింది. తెర లేని ఫార్ములా వన్‌లోనే 2023 ఖతర్ రేసులో ఒక డ్రైవర్ హెల్మెట్‌లో వాంతి చేసుకున్నాడు, ఇంకొకరు వేడి తట్టుకోలేక మధ్యలో ఆపేశారు. ఇప్పుడు వేడి హద్దు దాటితే ఒంటిని చల్లబరిచే చొక్కాల ఏర్పాటు ఉండాలని నిబంధన తెచ్చారు. ప్రాణం కాపాడే ఒక ఏర్పాటు ఇంకో ప్రమాదాన్ని తెచ్చిపెట్టవచ్చు. అందుకే "ఇంకా ఇంకా కప్పేద్దాం" అన్నది సరైన దారి కాదు.

మజా ఎక్కడి నుంచి వస్తుంది

చంద్రగిరి పక్కన రంగంపేటలో సంక్రాంతి రోజుల్లో జరిగే పశువుల పండగ మన జిల్లావాళ్లకి తెలుసు. కొమ్ములకి పలకలు కట్టిన ఎద్దులు జనం మధ్యలోంచి దూసుకొస్తాయి, కుర్రాళ్లు ఆ పలకలు లాక్కోవడానికి ఎగబడతారు. జనం ఈలలు వేసేది పలక చేతికొచ్చిన క్షణానికి. ఎవరికైనా కొమ్ము దిగితే ఆ చుట్టుపక్కల సంబరం అక్కడికక్కడే ఆగిపోతుంది. ప్రమాదం అంచున ఒకడు నేర్పు చూపించి గెలవడమే జనానికి కావాలి. వాడు పడిపోవడం కాదు.

రేసులోనూ జనం గుర్తుపెట్టుకునేది అదే. 1973లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ బోల్తా పడిన కారు కింద మంటల్లో చిక్కుకుంటే, తోటి డ్రైవర్ డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి ఒక్కడే దాన్ని ఎత్తడానికి ప్రయత్నించాడు. రేసు మాత్రం ఆగలేదు. విలియమ్సన్ చనిపోయాడు. ఆ రోజు ఎవరు ఎవరిని ఓవర్‌టేక్ చేశారో ఎవరికీ పట్టదు. 1979 ఫ్రాన్స్ రేసు చూడండి. డిజోన్‌లో జిల్ విల్నెవ్, రెనె ఆర్నూ చివరి ల్యాపుల్లో చక్రానికి చక్రం రాసుకుంటూ పోరాడింది రెండో స్థానం కోసం. గెలిచింది వేరే ఆయన. అయినా అభిమానులు ఇప్పటికీ ఆ ల్యాపులే వెతుక్కుని చూస్తారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకే రేసులో రెండూ చూడాలంటే 2022 జులై 3, సిల్వర్‌స్టోన్. మొదలైన క్షణాల్లోనే జో గ్వాన్యూ కారు తలకిందులై, అలాగే జారుకుంటూ వెళ్లి, టైర్ల బారియర్ మీదుగా ఎగిరి ప్రేక్షకుల ముందున్న కంచెకి కొట్టుకుంది. తల వెనక ఉండే రోల్ హూప్, బోల్తా పడితే కాపాడాల్సిన భాగం, విరిగిపోయింది. నేలకీ తలకీ మధ్య మిగిలింది హాలోనే. రేసు చాలాసేపు ఆగింది. అతను క్షేమమని తెలిశాక మళ్లీ మొదలైంది. చివరి ల్యాపుల్లో పెరెజ్, హామిల్టన్, లెక్లెర్క్ ముగ్గురూ స్థానాలు మార్చుకుంటూ కొట్లాడుకున్న తీరు ఇటీవలి రేసుల్లో అరుదు. కార్లోస్ సైన్స్ మొదటిసారి గెలిచారు. జోకి ఏదైనా అయ్యుంటే ఆ పోరాటాన్ని ఎవరు ఆస్వాదించగలిగేవారు?

పాత తరం డ్రైవర్లలో కొందరు లేవనెత్తే అభ్యంతరం ఒకటి ఉంది, అది గట్టిదే. తమ రోజుల్లో చక్రానికి చక్రం తగిలితే చావేనని తెలుసు కాబట్టి ఒకరికొకరు చోటు వదిలేవాళ్లమని, ఇప్పటి కుర్రాళ్లకి ఆ భయం లేక మొరటుగా తోసేస్తున్నారని వాళ్లంటారు. ఇందులో నిజముంది. కానీ దానికి మందు భయాన్ని తిరిగి తేవడం కాదు. 2014 నుంచి ఫార్ములా వన్‌లో పెనాల్టీ పాయింట్లున్నాయి. 12 నెలల్లో 12 పడితే ఒక రేసు నిషేధం. 2024లో కెవిన్ మాగ్నుసెన్ అలాగే బాకూ రేసుకి దూరమయ్యారు. పనిచేసే దారి ఇది. స్టీవార్డులు ఒక్కో రేసులో ఒక్కో తీరుగా తీర్పులివ్వడమే నాకు కనిపించే లోపం.

తప్పుకి ధర లేకపోతేనే చప్పన

"ఏదో తగ్గింది" అన్న ఫిర్యాదుకి అసలు కారణాల్లో పెద్దది మలుపు అవతలి నేల. పాత ట్రాకుల మీద మలుపు తప్పితే గడ్డి, కంకర. ఇప్పుడు చాలాచోట్ల చదునైన తారు. తారు వేయడానికి మంచి కారణం ఉంది. బ్రేకులు తారు మీదే పనిచేస్తాయి, కంకరలో కారు ఆగకపోగా చక్రం దిగబడి పల్టీలు కొట్టవచ్చు. 2016లో మెల్‌బోర్న్‌లో అలోన్సో కారు కంకరలో అలాగే దొర్లింది. అయితే తారు వల్ల ఒక నష్టం వచ్చింది. హద్దు దాటిన డ్రైవర్‌కి ఏ శిక్షా పడదు, ఒక్కోసారి లాభమే దక్కుతుంది. 2023లో ఆస్ట్రియా రేసులో హద్దు దాటినట్టు అనుమానించిన సందర్భాలు 1,200 దాటాయి. రేసు ముగిసిన కొన్ని గంటల తరవాత ఫలితాలు తారుమారయ్యాయి. గెలిచిందెవరో కెమెరాల ముందు కూర్చున్నవాళ్లు తేల్చే ఆటని చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది.

మరుసటి ఏడాది అక్కడ ఒక మంచి పని చేశారు. చివరి రెండు మలుపుల బయట, ట్రాక్ అంచుని ఆనుకుని సన్నటి కంకర పట్టీ వేశారు, దాని అవతల తారు అలాగే ఉంచారు. చక్రం హద్దు దాటితే కంకరలో పడి సమయం పోతుంది, కారు దెబ్బతినొచ్చు. నిజంగా అదుపు తప్పినవాడికి ఆగడానికి తారు ఉంది. ఫిర్యాదులు ఒక్కసారిగా తగ్గాయి. ప్రాణానికి ముప్పు పెంచకుండా తప్పుకి ధర పెట్టొచ్చని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. భద్రత, ఉత్కంఠ ఒకదాన్నొకటి తినేస్తాయనే ఆలోచనే తప్పు అనడానికి ఈ పట్టీ చాలు.

బరువు దగ్గర మాత్రం నిజంగానే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవాల్సి వస్తుంది. 2022 నాటికి కారు కనీస బరువు 798 కిలోలకి చేరింది. పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే దాదాపు రెండు వందల కిలోలు ఎక్కువ. అందులో పెద్ద వాటా హైబ్రిడ్ ఇంజన్లది, బ్యాటరీలది. గట్టిపడిన గూటిదీ, హాలోదీ కొంత ఉంది. బరువైన కారు మలుపులో మందకొడిగా తిరుగుతుంది, ఢీకొన్నప్పుడు ఎక్కువ శక్తితో కొడుతుంది. రెండు మీటర్ల వెడల్పున్న కార్లతో మొనాకో ఇరుకు సందుల్లో ఓవర్‌టేక్ చేయడం దాదాపు కుదరని పనైంది. 2026 నిబంధనల్లో కనీస బరువు 768 కిలోలకి, వెడల్పు 190 సెంటీమీటర్లకి తగ్గించారు. అదే సమయంలో రోల్ హూప్ మోయాల్సిన బరువుని పెంచారు. ఆలోచన సరైనదే.

ఉత్కంఠ కోసం చేసిన మార్పు డ్రైవర్ ఒంటి మీదకి వచ్చిన సందర్భమూ ఉంది. ముందున్న కారు గాలిని చెదరగొడితే వెనక కారుకి పట్టు పోతుంది, దగ్గరికి వెళ్లలేరు. దీన్ని సరిచేయడానికి 2022లో కారు అడుగు భాగంతోనే పట్టు పుట్టించే డిజైన్ తెచ్చారు. కార్లు నిజంగానే దగ్గరగా నడిచాయి. కానీ సూటి దారిలో వేగం పెరిగేకొద్దీ కారు పైకీ కిందకీ ఎగిరెగిరి పడటం మొదలైంది. ఆ ఏడాది బాకూ రేసు తరవాత హామిల్టన్ నడుం పట్టుకుని, కారులోంచి దిగడానికే అవస్థ పడ్డారు. జట్లు వేగం వదులుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి ఎఫ్ఐఏనే ఎగుడుదిగుడుకి కొలత పెట్టి, 2023కి కారు అడుగు అంచులు 15 మిల్లీమీటర్లు పైకెత్తించింది.

వాన, ఇంకా తేలని ప్రశ్న

2014 అక్టోబర్‌లో జపాన్‌లోని సుజుకాలో వాన పడుతుండగా డ్రైవర్ జూల్స్ బియాంకి కారు జారి, ఇంకో కారుని తీస్తున్న 6,500 కిలోల క్రేన్‌ని గంటకి 126 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. మరుసటి జులైలో ఆయన చనిపోయారు. దాని తరవాతే వర్చువల్ సేఫ్టీ కార్ వచ్చింది. ట్రాక్ మీద పని జరుగుతుంటే అందరూ నిర్ణీత వేగానికి తగ్గాలి. అయినా 2022లో అదే సుజుకాలో, వానలో, ట్రాక్ మీదున్న ట్రాక్టర్ పక్కనుంచి పియెర్ గ్యాస్లీ దూసుకుపోవాల్సి వచ్చింది. బియాంకి ఆయనకి స్నేహితుడు. ఆ రోజు ఆయన రేడియోలో అరిచిన అరుపు విన్నవాళ్లెవరూ మర్చిపోలేరు.

వానలో అసలు చిక్కు పట్టు కాదు, చూపు. వాన కోసం చేసిన పిరెల్లి టైరు ఒక్కోటి గంటకి 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 85 లీటర్ల నీటిని తోసేస్తుంది. అదంతా వెనకవాడి ముందు తెల్లటి గోడలా లేస్తుంది. 2023 జులై 1న స్పాలో జూనియర్ రేసులో డిలానో వాన్ ట్ హాఫ్ అనే 18 ఏళ్ల కుర్రాడు అలాంటి నీటి తెరలోనే ప్రమాదానికి గురై చనిపోయాడు. చక్రాల మీద మూతలు పెట్టి నీటిని ఆపాలని ఎఫ్ఐఏ ప్రయత్నించింది, ఆశించిన ఫలితం రాలేదు. నీళ్లు చక్రాల నుంచే కాదు, కారు అడుగు నుంచి కూడా పైకి లేస్తాయి.

2021లో బెల్జియంలో జనం గంటల తరబడి వానలో నిలబడ్డారు. కార్లు వేగం తగ్గించి నడిపించే సేఫ్టీ కార్ వెనక కొన్ని ల్యాపులు తిరిగాయి, సగం పాయింట్లు పంచేశారు. వాళ్లకి కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం రేసు ఆపినందుకు కాదు, జరగని రేసుని జరిగినట్టు లెక్క వేసినందుకు రావాలి. నిజాయితీగా రద్దు చేసి టికెట్ డబ్బులు తిరిగి ఇవ్వడం చేతకాక, రెండువైపులా చెడ్డారు.

మన దగ్గర

ఇది ఎక్కడో జరిగే గొడవ కాదు. తిరుపతి నుంచి పుత్తూరు, తిరుత్తణి మీదుగా, చిత్తూరు నుంచైతే రాణీపేట, కాంచీపురం మీదుగా వెళ్తే కొన్ని గంటల్లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ వస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది. 2024 ఆగస్టు చివర చెన్నై వీధుల్లో రాత్రిపూట ఫార్ములా ఫోర్ నడిచింది. ఈ రెండింట్లోనూ కార్లకి హాలో ఉంది. ఇప్పటి ఫార్ములా ఫోర్ కార్ల తయారీలోనే అది భాగం.

దేశంలో తయారైన చిన్న ఫార్ములా కార్లలో మాత్రం చాలాకాలంగా హాలో లేకుండానే మన కుర్రాళ్లు నేర్చుకున్నారు. "ఒకటి కొని బిగిస్తే పోలా?" అంటే అలా కుదరదు. 12 టన్నుల బలాన్ని హాలో తట్టుకున్నా, దాన్ని బిగించిన చోటు కూడా తట్టుకోవాలి. ఇనుప గొట్టాలతో అతికించిన పాత ఛాసిస్‌కి అంత బలం ఉండదు. హాలో నిలిచి కిందున్నది నలిగిపోతే ప్రయోజనం లేదు. కారునే కొత్తగా రూపొందించాలి, దానికి బోలెడు ఖర్చు. ఆ ఖర్చు చివరికి పిల్లవాడి తండ్రి మీదే పడుతుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫార్ములా స్టూడెంట్ తరహా కార్లు కట్టే పిల్లలకి ఈ లెక్కలు బాగా తెలుసు. డ్రైవర్ ముందున్న హూప్ (గొట్టపు వంపు) పైనుంచి వెనకున్న హూప్‌కి గీత గీస్తే డ్రైవర్ హెల్మెట్ ఆ గీతకి ఐదు సెంటీమీటర్లు కిందే ఉండాలి, డ్రైవర్ ఐదు సెకన్లలో బయటికి రావాలి. ఈ రెండు పరీక్షల్లో తప్పితే ఇంజన్ ఎంత బాగున్నా కారుని ట్రాక్ ఎక్కనివ్వరు.

2023లో ఇరుంగాట్టుకోట్టైలోనే రెండు ప్రాణాలు పోయాయి. జనవరిలో సెలూన్ కారు రేసులో ఒక సీనియర్ రేసర్, ఆగస్టులో బైక్ రేసులో 13 ఏళ్ల బాలుడు. మొదటి కారుకి పైకప్పు ఉంది, రెండోదానికి కప్పు అనే మాటే లేదు. కాబట్టి పిల్లల్ని ట్రాక్‌కి పంపే తల్లిదండ్రులు హాలో ఉందా అని అడగడంతో ఆగకూడదు. మలుపు బయట ఏముంది, బారియర్ ఎంత దూరంలో ఉంది, టైర్లు ఒకదానికొకటి కట్టి ఉన్నాయా, ప్రతి మలుపు దగ్గర మంట ఆర్పే సామగ్రితో మార్షల్ ఉన్నాడా, అంబులెన్స్‌లో డాక్టర్ ఉన్నాడా లేక డ్రైవర్ ఒక్కడేనా, వాన పడితే ఆపే అధికారం ఎవరిది, హెల్మెట్‌కి, హాన్స్‌కి గడువు దాటిందా అని అడగాలి. కొత్త కారుతో పోలిస్తే వీటికయ్యే ఖర్చు తక్కువే. నిర్వాహకుల దగ్గర వీటికి వెంటనే, కాగితం మీద జవాబు దొరక్కపోతే ఆ రోజుకి పిల్లవాణ్ని కారు దింపేసి ఇంటికి తీసుకురావచ్చు.